ఎలిజీ: మాట పుట్టుక, అర్థ పరిణామం

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఎలిజీ అనే మాట ఎక్కడ పుట్టి, ఏయే అర్థాల మీదుగా ఇంగ్లీషుకు చేరిందో వివరించగలుగుతారు.
• ఎలిజీకి, దానికి దగ్గరగా ఉండే డర్జ్, యూలజీ, ఎపిటాఫ్ వంటి మాటలకు తేడా చెప్పగలుగుతారు.
• థామస్ గ్రే ఎలిజీని, జాషువ 'శ్మశానవాటి'ని పక్కపక్కన పెట్టి విమర్శించగలుగుతారు.
• ఎలిజీకి తెలుగులో వాడుతున్న పేర్లలో ఏది ఎంతవరకు సరిపోతుందో చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

సాహిత్య విమర్శలో తరచుగా వినిపించే ఇంగ్లీషు మాటల్లో ఎలిజీ ఒకటి. ఎలిజీ అంటే ఏమిటి అని పరీక్షలో అడిగితే చాలామంది విద్యార్థులు 'చనిపోయినవారిని తలచుకుని రాసే కవిత' అని ఒక్క వాక్యంలో ముగిస్తారు. ఇది తప్పు జవాబు కాదు. అయితే ఈ నిర్వచనాన్ని చేతపట్టుకుని కావ్యాల్లోకి వెళ్లగానే చిక్కు మొదలవుతుంది.

జాన్ డన్ ఎలిజీలు తెరవండి. వాటిలో ఎక్కువ భాగం ప్రేమ కవితలే, అందులోనూ కొన్ని కొంటెతనంతో నిండినవి. థామస్ గ్రే ఎలిజీ తెరవండి. ఫలానా వ్యక్తి చనిపోయాడు, అతని కోసం రాస్తున్నాను అని కవి ఎక్కడా చెప్పడు. మిల్టన్ 'లిసిడస్' తెరవండి. ఇంగ్లీషులో గొప్ప ఎలిజీగా విమర్శకులు దాన్నే చూపిస్తారు. కానీ మిల్టన్ దాన్ని ఎలిజీ అనలేదు, మోనడీ అన్నాడు. మరి నిర్వచనం తప్పా? కవులు తప్పా?

రెండూ కావు. రెండున్నర వేల ఏళ్ల ప్రయాణంలో ఆ మాట అర్థం మారుతూ వచ్చింది. ఒకప్పుడు అది ఒక ఏడుపు పాట. తరువాత ఒక ఛందస్సు. ఆ తరువాత ఒక విషయం. చివరకు మరణాన్ని చూసే ఒక దృష్టి. ఈ నాలుగు పొరలూ నేటి ఎలిజీలో కలిసే ఉన్నాయి. ఏ కవితలో ఏ పొర పైకి వచ్చిందో గుర్తించడమే విమర్శకుడి పని. ఇంకొక సంగతి కూడా ఈ పాఠంలో గమనిస్తాం. ఎలిజీ అనే పేరు పెట్టడం ఒక మర్యాద చేయడం. ఎవరి చావు కవిత్వానికి తగినది అనే ప్రశ్న ఆ పేరు వెనుక ఎప్పుడూ ఉంది.

1.2 గ్రీకు మూలం: ఏడుపా, ఛందస్సా?

ఇంగ్లీషు ఎలిజీకి ఫ్రెంచి 'ఎలెజీ', దానికి లాటిన్ 'ఎలెగియా', దానికి గ్రీకు 'ఎలెగేయా' మూలం. వీటన్నిటి వెనుక ఉన్న మాట 'ఎలెగొస్'. క్రీ.పూ. 5వ శతాబ్దికి చెందిన యూరిపిడీస్ నాటకాల్లో ఎలెగొస్ అంటే శోకగీతం. ఔలొస్ అనే ఊదే వాద్యం ఈ పాటకు తోడుగా ఉండేది. ఎలెగొస్ అనే శబ్దం అసలు ఎక్కడిదో పండితులు తేల్చలేదు. అది గ్రీకు మాట కాదనీ, ఆసియా మైనర్ ప్రాంతం నుంచి వచ్చి ఉంటుందనీ, రెల్లు అనే అర్థమున్న ఆర్మీనియన్ మాటకు బంధువు కావచ్చనీ ఒక వాదం. రెల్లుతో చేసే వాద్యానికీ శోకగీతానికీ ఉన్న సంబంధం ఈ వాదానికి ఆధారం. ప్రాచీన గ్రీకు వ్యాకర్తలు మాత్రం సులువైన దారి చూపారు. 'ఎ, ఎ' అని ఏడుస్తూ పలకడమే ఎలెగొస్ అన్నారు. శబ్దశాస్త్రం దీన్ని ఒప్పుకోదు. కానీ ఆ మాట వింటే వాళ్లకు ఏడుపే గుర్తుకొచ్చేదని దీనివల్ల తెలుస్తుంది.

ఇక్కడ ఒక మలుపు ఉంది. ఎలెగొస్ నుంచి పుట్టిన 'ఎలెగేయొన్' అనే మాట ఒక ఛందస్సుకు పేరైంది. అది రెండు పాదాల పద్యం. మొదటి పాదంలో ఆరు గణాలు, రెండవ పాదంలో లెక్కకు ఐదు. మన ద్విపదలో రెండు పాదాలూ సమానం. ఒక్కొక్క పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. గ్రీకు ద్విపదిలో రెండో పాదం కురచ. మొదటి పాదం లేచి నిలబడితే రెండోది ఒదిగి కూర్చుంటుంది.

ఈ ఛందస్సులో గ్రీకులు ఏమి రాశారు? క్రీ.పూ. 7వ శతాబ్దిలో కల్లైనస్, టిర్టేయస్ యుద్ధానికి యువకులను పురికొల్పారు. మిమ్‌నెర్మస్ యౌవనం ఎంత త్వరగా చేజారుతుందో రాశాడు. ఏథెన్స్ శాసనకర్త సోలన్ రాజకీయ భావాలను ఇందులోనే చెప్పాడు. సమాధి రాళ్ల మీద చెక్కే పద్యాలకూ ఇదే ఛందస్సు ఎక్కువగా వాడారు. అంటే ఎలిజీ అన్న పేరు విని అందులో విషయం ఏమిటో చెప్పడానికి వీలులేదు.

ఇది మనకు వింత కాదు. 'బసవపురాణం' ద్విపద, 'రంగనాథ రామాయణం' ద్విపద, 'పల్నాటి వీరచరిత్ర' ద్విపద. ఒకటి శివభక్తుల కథ, ఒకటి రామకథ, ఒకటి అన్నదమ్ముల యుద్ధం. ద్విపద అనే పేరు రూపాన్ని చెబుతుందే కాని విషయాన్ని చెప్పదు. రేపెప్పుడో ద్విపద అనే మాటకు భక్తి అనే అర్థం స్థిరపడితే ఎలా ఉంటుందో ఊహించండి. ఎలిజీ విషయంలో జరిగింది అటువంటిదే.

1.3 రోమన్ కవుల చేతిలో

రోమన్లు ఈ ఛందస్సును ప్రేమకు కేటాయించారు. క్రీ.పూ. 1వ శతాబ్దిలో గాలస్, టిబులస్, ప్రొపర్షియస్, వారి తరువాత ఒవిడ్ రాసిన ప్రేమ ఎలిజీలు ఒక ప్రత్యేక శాఖగా నిలిచాయి. వీరోచిత కావ్యం రాయబోతే మన్మథుడు నవ్వుతూ రెండో పాదంలోంచి ఒక గణాన్ని దొంగిలించాడని ఒవిడ్ చమత్కరించాడు. ఆరు గణాల వీరఛందస్సు ఆ విధంగా ప్రేమఛందస్సు అయిపోయిందట!

అయినా పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు. టిబులస్ క్రీ.పూ. 19లో చనిపోయినప్పుడు ఒవిడ్ ఒక పద్యం రాశాడు. అందులో ఎలిజీని ఒక స్త్రీగా భావించి, జుట్టు విరబోసుకుని రమ్మని పిలిచి, నీ పేరు ఇప్పుడు నిజమైందని అంటాడు. ప్రేమ కవితల పేరుగా మారిన మాటలో దుఃఖం దాగి ఉందని కవికి తెలుసు. తరువాత తానే నల్ల సముద్ర తీరానికి ప్రవాసం వెళ్లవలసి వచ్చినప్పుడు తన బాధను చెప్పుకోవడానికి ఒవిడ్ ఎంచుకున్నదీ ఈ ఛందస్సునే. హొరేస్ తన కావ్యశాస్త్రంలో ఈ అసమాన ద్విపదిలో మొదట శోకమూ, తరువాత కోరిక తీరిన సంతోషమూ చోటు చేసుకున్నాయని చెప్పాడు. దాన్ని మొదట కనిపెట్టినవారు ఎవరన్న వ్యాజ్యం మాత్రం ఇంకా న్యాయస్థానంలోనే ఉందని వేళాకోళం చేశాడు.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
(అ) ఎలెగొస్, ఎలెగేయొన్ అనే మాటలకు తేడా ఏమిటి?
(ఆ) గ్రీకు ఎలిజీ ఛందస్సును మన ద్విపదతో పోల్చండి. ఒక పోలిక, ఒక తేడా రాయండి.

1.4 ఇంగ్లీషులో ఎలిజీ

ఇంగ్లీషులో ఈ మాట 16వ శతాబ్ది తొలి దశకాల్లో కనిపించడం మొదలైంది. గ్రీకు, లాటిన్ ఛందస్సులు అక్షరాల దీర్ఘహ్రస్వాల మీద నడుస్తాయి. ఇంగ్లీషు ఊనిక మీద నడుస్తుంది. అందువల్ల ఆ అసమాన ద్విపదిని ఇంగ్లీషులోకి ఉన్నదున్నట్టుగా తెచ్చుకోవడం కుదరలేదు. రూపం గట్టున మిగిలిపోయింది, పేరు ఏరు దాటింది. రూపం లేని పేరుకు ఏదో ఒక విషయం కావాలి. డన్ వంటివారు రోమన్ల దారిలో ప్రేమను ఎంచుకున్నారు. మరికొందరు పాత గ్రీకు అర్థమైన శోకాన్ని ఎంచుకున్నారు. కొంతకాలం రెండూ పక్కపక్కనే నడిచి, చివరకు శోకమే నిలిచింది.

శోకం వైపు మొగ్గడానికి గొల్లకవిత సంప్రదాయం కూడా సాయపడింది. థియోక్రిటస్ డాఫ్నిస్ అనే గొల్లవాని మరణాన్ని పాడాడు. బియొన్ అడోనిస్ కోసం పాడాడు. ఈ వరుసలోనే చనిపోయిన కవిని గొల్లవానిగా, లోకాన్ని పచ్చిక బయలుగా చిత్రించే పద్ధతి స్థిరపడింది. మిల్టన్ 'లిసిడస్' ఈ పద్ధతిలోనే సాగుతుంది. 1637లో ఐరిష్ సముద్రంలో మునిగి చనిపోయిన ఎడ్వర్డ్ కింగ్ కోసం కేంబ్రిడ్జి మిత్రులు తెచ్చిన సంపుటంలో అది 1638లో అచ్చయింది. 1821లో కీట్స్ మరణించినప్పుడు షెల్లీ 'అడొనేస్' రాసి, ఉపశీర్షికలోనే ఎలిజీ అని చెప్పుకున్నాడు. టెన్నిసన్ 1833లో పోగొట్టుకున్న మిత్రుడు ఆర్థర్ హాలమ్ కోసం పదిహేడేళ్లపాటు రాసుకున్న ఖండికలను 1850లో 'ఇన్ మెమోరియమ్' పేరుతో ప్రచురించాడు.

ఈ మూడు కావ్యాల నడకలో ఒక పోలిక ఉంది. మొదట నష్టం, తరువాత ప్రశ్న, చివరకు ఏదో ఒక ఊరట. ఇంత యోగ్యుడు ఎందుకు పోయాడు, దేవుడు ఉన్నాడా, కవిత్వం వల్ల ప్రయోజనం ఏమిటి అని కవి అడుగుతాడు. మొదటి పంక్తిలో ఉన్న మనిషి చివరి పంక్తికి కొంత మారి ఉంటాడు. ఎలిజీ ఆలోచించే మనసుకు సహజమైన కవిత అని కోలరిడ్జ్ అన్నది ఇందుకే. విషయం ఏదైనా కావచ్చు, కానీ కవి దాన్ని తన అనుభవంతో ముడిపెట్టి చూడాలి అని ఆయన అభిప్రాయం.

1.5 బంధు పదాలు

ఎలిజీతో కలగలిసిపోయే మాటలు కొన్ని ఉన్నాయి. వాటి పుట్టుక తెలిస్తే తేడా మరచిపోరు.

డర్జ్: చనిపోయినవారి కోసం చర్చిలో జరిపే లాటిన్ ప్రార్థనలో ఒక భాగం 'దిరిగె' అనే మాటతో మొదలవుతుంది. నా దారిని సరిచెయ్యి అని దేవుణ్ణి వేడుకునే మాట అది. ఆ తొలి మాటే అరిగి డర్జ్ అయింది. ఇది అంత్యక్రియల పాట, సాధారణంగా చిన్నది. ఇందులో ఎలిజీలోని ఆలోచనకు చోటు తక్కువ.
థ్రెనడీ: శోకం, పాట అనే రెండు గ్రీకు మాటల కలయిక.
మోనడీ: ఒక్కరే పాడే పాట. గ్రీకు నాటకంలో ఒక పాత్ర ఏకాంత గానం నుంచి వచ్చింది.
ఎపిటాఫ్: సమాధి మీది రాత.
యూలజీ: మంచి మాట అని అర్థం. పోయినవారి గుణాలను సభలో పొగడడం. వచనంలో ఉంటుంది, బతికున్నవారికీ వర్తిస్తుంది.

జవాబు పత్రాల్లో ఎలిజీకి బదులు యూలజీ అని రాయడం నేను ఎన్నోసార్లు చూశాను. వినడానికి దగ్గరగా ఉన్నా ఇవి వేర్వేరు మూలాల మాటలు. యూలజీ పోయినవారి గొప్పతనాన్ని చెబుతుంది. ఎలిజీ పోయినవారు లేని లోకం ఎలా ఉందో చెబుతుంది.

1.6 గ్రే: పేరు మార్చడం వల్ల ఏం జరిగింది?

1751 ఫిబ్రవరిలో గ్రే కవిత అచ్చయింది. 32 చతుష్పాదులు, 128 పంక్తులు. సాయంకాలం ఒక పల్లె చర్చి ఆవరణలో కవి నిలబడి, అక్కడ సమాధుల్లో ఉన్న అనామకులైన రైతుల గురించి ఆలోచిస్తాడు. ఇదీ విషయం. రాతప్రతిలో ఈ కవిత పేరు ఎలిజీ కాదు. పల్లె చర్చి ఆవరణలో రాసిన పద్యాలు అనే సాదా పేరు ఉండేది. ఎలిజీ అని పిలవమని తానే గ్రేను ఒప్పించానని ఆయన మిత్రుడు విలియం మేసన్ 1775లో ప్రచురించిన జీవిత చరిత్రలో రాశాడు. అందుకు రెండు కారణాలు చెప్పాడు. విషయం ఆ పేరుకు అనుమతిస్తుంది. పంక్తి విడిచి పంక్తికి అంత్యప్రాస కలిసే నాలుగు పాదాల రూపమూ ఆ పేరుకు తగినది.

మేసన్ చెప్పిన కారణాల్లో మనం చెప్పుకున్న రెండు పొరలూ ఉన్నాయి. ఒకటి విషయం, రెండవది రూపం. ఆ రూపం కూడా శోకం నుంచి వచ్చింది కాదు. గ్రేకు ముందు జేమ్స్ హామండ్ తన ప్రేమ ఎలిజీల్లో ఇదే చతుష్పాదిని వాడాడు. ప్రేమ ఎలిజీ నుంచి తెచ్చుకున్న పాత్రలో గ్రే మృత్యుచింతన పోశాడు. గ్రే తరువాత ఆ చతుష్పాదికి ఎలిజీ పద్యం అనే పేరు స్థిరపడింది. గ్రీసులో శోకం ఛందస్సుకు పేరిచ్చినట్టే ఇంగ్లండులోనూ ఒక కవిత ఒక ఛందస్సుకు పేరిచ్చింది.

అయితే అసలు విశేషం అది కాదు. అంతకుముందు పేరున్న ఎలిజీలు ఎవరి కోసం రాశారో చూడండి. ప్రభువులు, పండితులు, కవులు. స్పెన్సర్ రాసింది సర్ ఫిలిప్ సిడ్నీ కోసం. మిల్టన్ రాసింది కేంబ్రిడ్జి విద్వాంసుని కోసం. దుక్కి దున్ని, పంట కోసి, చదువు లేకుండా పోయిన పల్లెజనానికి సాదా పద్యాలు చాలు అనుకోవచ్చు. వారి కోసం రాసినదానికి ఎలిజీ అని పేరు పెట్టగానే వారికి ఒక హోదా వచ్చింది. తొలిప్రతిలో గ్రే కేటో, సిసిరో, సీజర్ అనే రోమన్ పేర్లు రాసి, తరువాత వాటిని కొట్టివేసి హామ్డెన్, మిల్టన్, క్రామ్‌వెల్ అనే ఇంగ్లీషు పేర్లు పెట్టాడు. ఈ మార్పుతో పల్లె సమాధుల మధ్య దాగి ఉండగల గొప్పతనం పరాయిది కాకుండా పోయింది.

ఇక్కడితో ఆగితే విమర్శ సగమే అవుతుంది. గ్రే ఆ పల్లెజనాన్ని ఎవరూ చూడని చోట పూసిన పువ్వుతోనూ, సముద్రం అడుగున పడి ఉన్న మణితోనూ పోలుస్తాడు. విలియం ఎంప్సన్ 1935లో ఈ పోలికను పట్టుకుని ఒక అభ్యంతరం చెప్పాడు. పువ్వు అడవిలో పూయడం ప్రకృతి ధర్మం. ఒక ప్రతిభావంతుడికి చదువు అందకపోవడం ప్రకృతి ధర్మం కాదు, సమాజం చేసిన పని. రెండింటినీ ఒకటిగా చూపితే, మార్చదగిన దాన్ని మార్చలేని దానిగా పాఠకుడు స్వీకరిస్తాడు. ఈ విమర్శను గుర్తుంచుకోండి. జాషువ దగ్గర ఇది మళ్లీ ఉపయోగపడుతుంది. గ్రే చివర తనకే ఒక సమాధి రాత రాసుకుని కవిత ముగిస్తాడన్నదీ గమనించాలి. అనామకుల కోసం మొదలైన శోకం కవి దగ్గరకు వచ్చి ఆగింది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
(అ) గ్రే కవిత పేరు మారడం వల్ల దాని విషయానికి వచ్చిన అదనపు అర్థం ఏమిటి?
(ఆ) ఎంప్సన్ అభ్యంతరాన్ని మీ మాటల్లో రాయండి.

1.7 మన సంప్రదాయం: శోకం, శ్లోకం, విలాపం

శోకం ఒక ఛందస్సుకు పేరు కావడం మన పాఠకులకు కొత్త కాదు. క్రౌంచ పక్షుల జంటలో ఒకటి బోయవాని బాణానికి నేలకూలగా వాల్మీకి నోట వెలువడిన మాట పద్యమైంది. ఆ శోకమే శ్లోకమైందని బాలకాండ చెబుతుంది. ఎలెగొస్ నుంచి ఎలెగేయొన్ వచ్చినట్టే శోకం నుంచి శ్లోకం. ఆ తరువాత శ్లోకంలో యుద్ధమూ, రాజనీతీ, వేదాంతమూ అన్నీ చెప్పారు. ఇది కూడా గ్రీకు కథ నడచిన దారే. శబ్దశాస్త్రం ప్రకారం శోకం, శ్లోకం వేర్వేరు ధాతువుల నుంచి వచ్చాయి. అయినా ఈ కథ కవిత్వానికి మూలం దుఃఖమే అన్న నమ్మకాన్ని చెబుతుంది.

అయితే వాల్మీకి శోకంలో ఒక అంశం ఎలెగొస్‌లో కనిపించదు. ఆ పద్యం కేవలం ఏడుపు కాదు, చంపినవానికి శాపం. దుఃఖం పుట్టిన క్షణంలోనే న్యాయం అడుగుతోంది.

కాళిదాసులో రెండు ప్రసిద్ధ విలాపాలున్నాయి. 'కుమారసంభవం' నాలుగో సర్గలో రతీ విలాపం, 'రఘువంశం' ఎనిమిదో సర్గలో అజ విలాపం. ఈ రెండింటికీ కవి ఒకే వృత్తం, వియోగినిని, ఎంచుకున్నాడు. దుఃఖానికి ఒక నడక ఉంటుందన్న స్పృహ ఆయనకు ఉంది. రతికి ఆకాశవాణి ఊరట పలుకుతుంది. తిరిగి కలుసుకునే ఆశ ఉంది కాబట్టి ఆలంకారికులు దాన్ని కరుణ విప్రలంభం వైపు చూస్తారు. అజునికి ఆ ఆశ లేదు. వసిష్ఠుడు శిష్యుని ద్వారా పంపిన ఓదార్పు అతని గుండెలో నిలవలేదు. కొడుకు పసివాడు కాబట్టి ఎనిమిదేళ్లు ఎలాగో గడిపి శరీరం విడిచాడు.

మరి అజ విలాపాన్ని ఎలిజీ అనవచ్చా? అనలేం. కారణం ఏడుపు తక్కువై కాదు. అది ఒక పాత్ర మాట. పెద్ద కావ్యంలో ఒక ఘట్టం. ఎలిజీలో దుఃఖించేవాడు కవి స్వయంగా. దుఃఖం ఒక ఘట్టం కాదు, అదే కవిత. విలాపంలో ఓదార్పు బయటివారి నుంచి వస్తుంది. ఎలిజీలో కవి తన ఓదార్పును తానే వెతుక్కుంటాడు, దొరకకపోతే ఆ సంగతీ చెబుతాడు.

1.8 తెలుగులో ఏ పేరు?

ఎలిజీకి తెలుగులో నాలుగు పేర్లు వాడుకలో ఉన్నాయి. ఒక్కొక్క దానిలో కొంత బలం, కొంత లోటు ఉంది.

విలాప కావ్యం అంటే ఏడుపు వినిపిస్తుంది, ఆలోచన వినిపించదు. మన ఊళ్లలో ఆడవాళ్లు పోయినవారి గుణాలు చెబుతూ రాగాలు తీసి ఏడవడం, శోకాలు పెట్టడం మీరు వినే ఉంటారు. అది గొప్ప మౌఖిక కళ. గ్రీకు ఎలెగొస్‌కు అది దగ్గర, గ్రే ఎలిజీకి దూరం. శోకగీతం కూడా అంతే, పైగా గీతం అన్నందువల్ల 'ఇన్ మెమోరియమ్' వంటి పెద్ద రచన అందులో ఇమడదు. చరమగీతం ఒకప్పుడు గంభీరమైన మాట. ఇప్పుడు పత్రికలు అవినీతికి చరమగీతం పాడాలి, దోపిడీకి చరమగీతం పాడాలి అని రాసి రాసి దాన్ని అంతం చేయడం అనే అర్థానికి మార్చేశాయి. స్మృతికావ్యం వీటిలో మెరుగు. అందులో ఆలోచనకు చోటుంది. కాని స్మృతి అనగానే పోయిన వ్యక్తి ఒకరు ఉండాలి అనిపిస్తుంది. గ్రే ఎలిజీలో అటువంటి వ్యక్తి లేడు.

అందువల్ల నా సూచన ఇది. ప్రక్రియను చెప్పేటప్పుడు ఎలిజీ అనే మాటనే తెలుగు లిపిలో వాడండి. ఒక వ్యక్తి కోసం రాసిన తెలుగు రచనలను స్మృతికావ్యాలు అనండి. విశ్వనాథ సత్యనారాయణ భార్యను తలచుకుని రాసిన 'వరలక్ష్మీ త్రిశతి', నాయని సుబ్బారావు తల్లిని తలచుకుని రాసిన 'మాతృగీతాలు' ఆ కోవలోవి. పాత్రల నోట వచ్చే శోకాన్ని విలాపం అనండి. ఒకే పేరును అన్నిటికీ తగిలిస్తే తేడాలు చెరిగిపోతాయి.

మాట అర్థం మారడం ఇంగ్లీషుకే పరిమితం కాదు. నివాళి అనే తెలుగు మాట చూడండి. దాని పాత అర్థం హారతి. పెళ్లిళ్లలో వధూవరులకు నివాళులెత్తి పాటలు పాడేవారు. ఇవాళ నివాళి అంటే పోయినవారికి చేసే వందనం. శుభకార్యం నుంచి ఈ మాట శోకసభకు చేరింది. ఎలిజీ శోకం నుంచి ప్రేమకు వెళ్లి తిరిగి శోకానికి వచ్చింది. ఏ మాటనూ దాని నేటి అర్థంతోనే పాత గ్రంథాల్లో చదవకూడదన్నది ఈ రెండూ నేర్పే పాఠం.

1.9 జాషువ, శ్రీశ్రీ: ఊరట లేని ఎలిజీ

గ్రే కవితతో పోల్చి చదవదగిన తెలుగు ఖండిక జాషువ 'శ్మశానవాటి'. హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో నటులు ఈ పద్యాలు పాడడం వల్ల చదువురానివారికి కూడా ఇవి పరిచయం. రెండు కవితల్లోనూ ఫలానా వ్యక్తి మరణం లేదు, ఒక స్థలం ఉంది. రెండింటిలోనూ అధికారం, అందం, ప్రతిభ మట్టిలో కలిసిపోతాయి. కవి కలం, రాజు ముద్ర, చిత్రకారుని కుంచె అన్నీ ఇక్కడే ముగుస్తాయని జాషువ వరుసగా చూపిస్తాడు. ఇంతవరకు పోలిక.

తేడా అస్పృశ్యత ప్రస్తావనలో ఉంది. ఈ స్థలంలో అంటరానితనం తిరగడానికి చోటు లేదని జాషువ అంటాడు. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి ఈ మాట అన్నప్పుడు దాని బరువు వేరు. చావు అందరినీ సమానం చేస్తుంది అన్నది గ్రేకు ఊరట. జాషువకు అది ఆరోపణ. సమానత్వం శ్మశానంలో తప్ప మరెక్కడా దొరకదా అనే ప్రశ్న ఆ పద్యం వెనుక నిలబడి ఉంది. గ్రే పువ్వు ఎవరూ చూడక రాలిపోయింది. జాషువ లోకంలో అయితే చూసినవారే దూరంగా తొలగిపోయారు. ఎంప్సన్ గ్రేలో లోటుగా చూపిన అంశాన్ని జాషువ తన అనుభవంతో పూరించాడని చెప్పవచ్చు.

శ్రీశ్రీ 'కొంపెల్ల జనార్దనరావు కోసం' వేరే రకం. ఇందులో వ్యక్తి ఉన్నాడు, పేరు ఉంది. చిన్న వయసులో పోయిన మిత్రునికి 'మహాప్రస్థానం' కావ్యాన్ని అంకితమిస్తూ రాసిన కవిత ఇది. మిత్రుడు పోయాక కూడా లోకం తన పనుల్లో తాను ఎప్పటిలాగే సాగిపోయిందన్న కోపం ఇందులో దుఃఖంతో సమానంగా ఉంది. దైవం మీద భారం వేసి సమాధానపడే ధోరణి లేదు. ఊరట స్థానంలో అంకితం నిలిచింది. షెల్లీ కీట్స్‌ను అమరుల లోకానికి చేర్చాడు. శ్రీశ్రీ మిత్రుణ్ణి తన పుస్తకం మొదటి పుటల్లోకి తెచ్చాడు.

ఈ రెండు రచనల్లోనూ వాల్మీకి పద్యంలో మనం చూసిన అంశం ఉంది. శోకం న్యాయాన్ని అడుగుతోంది. ఇంగ్లీషు ఎలిజీ లక్షణాలను కొలబద్దగా పెట్టి, ఊరట లేదు కాబట్టి ఇవి అసంపూర్ణమని తీర్పు చెప్పడం సరికాదు. ఊరట ఇవ్వడానికి నిరాకరించడం కూడా ఎలిజీ చేసే ఆలోచనలో భాగమే.

1.10 సారాంశం

ఎలిజీ గ్రీకులో శోకగీతం పేరుగా మొదలై, అసమాన ద్విపది ఛందస్సుకు పేరై, రోములో ప్రేమ కవితకు చేరి, ఇంగ్లీషులో శోకానికి తిరిగి వచ్చింది. ఆ క్రమంలో రూపం చెప్పే మాట కాస్తా విషయం చెప్పే మాటగా, తరువాత మరణాన్ని ఆలోచించే దృష్టిని చెప్పే మాటగా మారింది. అందువల్ల ఏ ఎలిజీనైనా చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీని రూపం ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ దుఃఖం ఎవరి కోసం? ఆ దుఃఖం ఏ ఆలోచనకు దారి తీసింది? రెండో ప్రశ్నను తేలికగా దాటిపోవద్దు. ఎవరి చావుకు కవిత్వంలో చోటు దొరికిందో, ఎవరి చావుకు దొరకలేదో గమనిస్తే ఆ కాలపు సమాజం ఎవరిని మనుషులుగా లెక్కపెట్టిందో తెలుస్తుంది.

1.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఎలిజీ అనే మాట అర్థ పరిణామాన్ని సోదాహరణంగా వివరించండి.
2. గ్రే ఎలిజీ, జాషువ 'శ్మశానవాటి' కవితల్లో మరణం తెచ్చే సమానత్వాన్ని ఇద్దరు కవులూ ఎలా చూశారో తులనాత్మకంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. విలాపానికి, ఎలిజీకి తేడా ఏమిటి? అజ విలాపం ఆధారంగా రాయండి.
2. ఎలిజీకి తెలుగులో ఉన్న పేర్లలో మీరు దేన్ని ఎంచుకుంటారు? కారణాలు చెప్పండి.
3. మీ ప్రాంతంలో శోక సందర్భాల్లో వినిపించే పాటలను, పలుకులను గుర్తుచేసుకుని, వాటిలో ఎలెగొస్ లక్షణాలు ఏవో రాయండి.